లేచి నిలబడే శక్తి: ఉయ్యాల నుంచి ఊతకర్ర దాకా కండరం కథ

కొన్నేళ్ళ క్రితం మా నాన్నగారు మిషిగన్‌లోని మా ఇంటికి వచ్చి ఆరు నెలలు ఉన్నారు. అప్పటికి ఆయనకు డెబ్బై ఆరేళ్ళు. గోదావరి డెల్టాలో పుట్టి పెరిగిన రైతు. ఊళ్ళో ఉన్నంతకాలం తెల్లవారకముందే లేచి, కాలవ గట్టు మీదుగా చేను దాకా నడిచి వెళ్ళి, నీళ్ళు చూసుకుని, తిరిగి వచ్చేటప్పుడు ఎవరింటి అరుగు మీదనో కాసేపు కూర్చుని ఇల్లు చేరేవారు. దాన్ని ఆయన ఏనాడూ వ్యాయామమనుకోలేదు. మా ఇంటికి వచ్చింది అక్టోబరులో. నవంబరు నుంచి మంచు. బయటికి వెళితే జారిపడతారేమోనని మాకు భయం. సోఫా, టీవీలో తెలుగు చానళ్ళు, వేళకు భోజనం. మంచినీళ్ళకు లేవబోయినా “మీరు కూర్చోండి మామయ్యగారూ” అని మా ఆవిడ, “నేను తెస్తాను తాతయ్యా” అని పిల్లలు. నేను వైద్యుణ్ణి కనక వారం వారం రక్తపోటు చూశాను. చక్కెర, కొలెస్టరాల్ పరీక్షలు చేయించాను. అన్నీ అదుపులో ఉన్నాయని సంతోషించాను.

ఏప్రిల్‌లో ఆయన తిరిగి వెళ్ళాక ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నారు. పీట మీద కూర్చున్న నాన్నగారు వ్రతం ముగిశాక లేవలేకపోయారు. తమ్ముడు ఒక రెక్క, పురోహితుడు మరో రెక్క పట్టుకుని లేవదీశారట. “వయసైపోయిందిరా అబ్బాయ్” అని ఫోనులో నవ్వారు. నేనూ అవునన్నాను. ఫోను పెట్టేశాక ఆ సమాధానం నన్ను నిద్రపోనివ్వలేదు. అంతకు ముందు అక్టోబరులో ఇదే మనిషి చేనిగట్టు మీద గొంతుక్కూర్చుని, ఎవరి చేయీ పట్టుకోకుండా లేచేవారు. ఆరు నెలల్లో వయసు ఆరు నెలలే కదా పెరిగేది!

ఈ వ్యాసం ఆ ప్రశ్న నుంచి పుట్టింది. శరీరం బలహీనపడటంలో వయసు వాటా ఎంత, కుర్చీ వాటా ఎంత? దీనికి జవాబు వృద్ధాప్యంలో మాత్రమే వెతికితే దొరకదు. కండరం కథ తల్లి గర్భంలో మొదలవుతుంది. అక్కడి నుంచే చూద్దాం.

మంచం చేసే పని

ముందుగా ఒక పాత ప్రయోగం. 1966లో అమెరికాలోని డల్లాస్ నగరంలో ఇరవై ఏళ్ళ ప్రాయంలో ఉన్న ఐదుగురు ఆరోగ్యవంతులైన యువకులను మూడు వారాలపాటు మంచం దిగనివ్వకుండా ఉంచారు. శరీరం గరిష్ఠంగా ఎంత ప్రాణవాయువును వినియోగించుకోగలదన్నది దారుఢ్యానికి ఒక ముఖ్యమైన కొలమానం. ఆ మూడు వారాల్లో వారి సామర్థ్యం నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్ఫై ఏళ్ళ తరవాత, 1996లో, అదే ఐదుగురిని మళ్ళీ పరీక్షించారు. అప్పటికి వారికి యాభై ఏళ్ళు. బరువు పెరిగారు, పొట్టలు వచ్చాయి. అయినా ముప్ఫై ఏళ్ళ వయసు వారిలో తెచ్చిన క్షీణత, ఇరవయ్యో ఏట మూడు వారాల మంచం తెచ్చిన క్షీణత కంటే తక్కువగానే ఉంది. ఆ తరవాత ఆరు నెలలు క్రమబద్ధంగా వ్యాయామం చేయిస్తే, వయసుతో పోయిందనుకున్న సామర్థ్యం తిరిగి వచ్చింది.

మనుషులు ఐదుగురే కనక దీన్నుంచి అతిగా తీర్మానించకూడదు. కానీ తరవాత వచ్చిన అధ్యయనాలు కూడా ఇదే దిశను చూపించాయి. 2007లో ప్రచురితమైన ఒక పరిశోధనలో సగటున అరవై ఏడేళ్ళున్న పన్నెండుమంది ఆరోగ్యవంతులు పది రోజులు మంచంపై ఉంటే, కాళ్ళలోనే దాదాపు కిలో కండ కోల్పోయారు. యువకుడు అదే నష్టాన్ని తేలిగ్గా పూడ్చుకుంటాడు. పెద్దవారికి పూడ్చుకోవడం కష్టం. వృద్ధుడు ఒకసారి న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరి, జబ్బు నయమై ఇంటికి వచ్చాక కూడా “మునుపటి మనిషి కాలేదు” అని ఇంటివారు అనడం మనం వింటూనే ఉంటాం. నయమైనది ఊపిరితిత్తి. నయం కానిది తొడ కండరం.

వయసుతో కండ, బలం తగ్గిపోయే ఈ స్థితికి చాలాకాలం పేరే లేదు. 1988లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ అనే అమెరికన్ పోషకాహార శాస్త్రవేత్త గ్రీకు మాటలు కలిపి ‘సార్కోపీనియా’ అని పేరు పెట్టాడు. మాంసపు లేమి అని అర్థం. పేరు లేని జబ్బును వైద్యుడు వెతకడు. నేను వైద్యం చదువుకున్న రోజుల్లో ఈ మాట మా పాఠాల్లో లేదు.

కండరం ఎందుకు?

కండరమంటే చాలామందికి జిమ్ గుర్తొస్తుంది. వైద్యుడికి అది ముందుగా చక్కెర గిడ్డంగి. భోజనం తరవాత రక్తంలో చేరిన గ్లూకోజులో పెద్ద వాటా వెళ్ళవలసింది కండరాల్లోకే. ఇన్సులిన్ వచ్చి తలుపు తడితే కండర కణం తలుపు తీసి చక్కెరను లోపలికి తీసుకుంటుంది. కండరం ముడుచుకున్నప్పుడు, అంటే మనం నడిచినప్పుడో బరువెత్తినప్పుడో, ఇన్సులిన్ పిలుపుతో నిమిత్తం లేకుండా ఇంకొక దారిన కూడా అదే తలుపు తెరుచుకుంటుంది. మధుమేహం ఉన్నవారికి వ్యాయామం ఎందుకు మందులాగా పనిచేస్తుందో ఇక్కడే తెలుస్తుంది. గిడ్డంగి చిన్నదైతే, లేదా తలుపులు బిగుసుకుపోతే, చక్కెర రక్తంలోనే నిలిచిపోతుంది.

రెండవది, కండరం మాంసకృత్తుల నిల్వ. జబ్బు చేసినప్పుడు, గాయమైనప్పుడు శరీరం మరమ్మతుకు కావలసిన సరుకును అక్కడి నుంచే తీసుకుంటుంది. మూడవది, ఎముకను లాగుతూ దాన్ని గట్టిగా ఉంచేది కండరమే. నాలుగవది, తూలినప్పుడు చటుక్కున కాలు ముందుకు వేయించేది కూడా కండరమే. కండర తంతువుల్లో నిదానంగా, ఎక్కువసేపు పనిచేసేవి కొన్ని, వేగంగా పనిచేసేవి కొన్ని. వయసుతో ఎక్కువగా సన్నబడేవి ఈ వేగవంతమైనవే. అందుకే ముసలితనంలో గంటసేపు నెమ్మదిగా నడవగలిగిన మనిషి కూడా గడప తగిలితే నిలదొక్కుకోలేక పడిపోతాడు.

పుట్టుకతో వచ్చిన లెక్క

2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఛాయాచిత్రం అచ్చయింది. అందులో ఇద్దరు శాస్త్రవేత్తలు పక్కపక్కన నిలబడి ఉంటారు: పుణేకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్. ఎత్తు బరువుల నిష్పత్తి, అంటే బీఎమ్ఐ, ఇద్దరికీ 22.3. కానీ యుడ్కిన్ శరీరంలో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం. ఒకే బరువు తూకంలో ఒకరికి కండ ఎక్కువ, మరొకరికి కొవ్వు ఎక్కువ.

యాజ్ఞిక్ బృందం పుణే చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన పిల్లలను ఇంగ్లండులో పుట్టిన పిల్లలతో పోల్చింది. మన పిల్లల సగటు బరువు సుమారు 2.7 కిలోలు, అక్కడి పిల్లలది 3.5 కిలోలు. ఆ తేడా అన్ని కణజాలాలలోనూ సమానంగా లేదు. మన శిశువుల్లో కండ బాగా తక్కువ. చర్మం కింది కొవ్వు మాత్రం దాదాపు అంతే. చూడటానికి సన్నం, లోపల కొవ్వు. తరతరాల తల్లుల పోషణలేమి దీనికి ఒక కారణమని వారి వాదన. ఇంట్లో అందరికీ వడ్డించి చివర మిగిలింది తినే తల్లి అలవాటు ఆమె ఒంటితోనే ఆగిపోదు.

ప్రవాసంలో ఉన్న మనకు ఇది అక్కరకు వచ్చే విషయం. “నేను లావుగా లేను కదా డాక్టర్, నాకు షుగరేమిటి?” అని ముప్ఫై ఐదేళ్ళ ఇంజనీర్లు నన్ను అడుగుతుంటారు. అందరికీ 25 దాటితే అధిక బరువంటారు. దక్షిణాసియావారి విషయంలో 23 నుంచే జాగ్రత్త పడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం 2004లో సూచించింది. అమెరికన్ డయాబెటిస్ సంఘం కూడా ఆసియా సంతతివారికి 23 దగ్గరే పరీక్షలు మొదలుపెట్టమంటుంది. ఇది తలరాత కాదు. పుట్టుకతో ఖాతాలో తక్కువ సొమ్ము వచ్చినవాడు పొదుపు ముందుగా మొదలుపెట్టాలని మాత్రమే దీనికి అర్థం.

బాల్యం: జమ చేసే కాలం

ఎముక బలం బాల్యం నుంచి పెరుగుతూ ఇరవైల చివరికి గరిష్ఠ స్థాయికి చేరుతుంది. ఆ తరవాత జమ దాదాపు ఆగిపోయి, ఖర్చు మొదలవుతుంది. ఫిన్లండులో టెన్నిస్, స్క్వాష్ ఆడే స్త్రీలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతి ఎముక కంటే దిట్టంగా ఉండటం గమనించారు. రజస్వల కావడానికి ముందుగానో ఆ సమయంలోనో ఆట మొదలుపెట్టినవారిలో ఈ తేడా, ఆలస్యంగా మొదలుపెట్టినవారి కంటే రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ. అదే మనిషి, అదే తిండి. పని చేసిన చేతికి దక్కినది పని చేయని చేతికి దక్కలేదు.

ఐదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలకు రోజుకు సగటున అరవై నిమిషాల చురుకైన కదలిక కావాలని, అందులో వారానికి మూడు రోజులైనా ఎముకలకు, కండరాలకు పని చెప్పే ఆటలుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నాటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన ఇళ్ళలో బడి తరవాత లెక్కల తరగతి, స్పెల్లింగ్ బీ, సంగీతం, ఆపైన మళ్ళీ చదువు. పదమూడేళ్ళు వచ్చేసరికి ఆడపిల్ల ఆట మానేస్తే ఇంట్లో ఎవరికీ పెద్దగా బాధ ఉండదు. మార్కులు తగ్గితే మాత్రం ఉంటుంది. ఆ అమ్మాయి అరవయ్యో ఏటి తుంటి ఎముకకు పునాది పడుతున్నది ఈ ఏళ్ళలోనే.

నడివయసు: డ్రైవరా, కండక్టరా?

వ్యాయామానికీ గుండెజబ్బుకూ ఉన్న సంబంధాన్ని తొలిసారి గట్టిగా చూపించింది లండన్ బస్సులు. జెర్రీ మోరిస్ అనే వైద్యుడు 1953లో ప్రచురించిన అధ్యయనంలో, రోజంతా కూర్చుని బస్సు నడిపే డ్రైవర్ల కంటే, రెండంతస్తుల బస్సులో రోజుకు వందల మెట్లు ఎక్కిదిగే కండక్టర్లకు గుండెపోటు తక్కువగా వచ్చింది. వచ్చినా అంత తీవ్రంగా లేదు. ఇద్దరిదీ ఒకే సంస్థ, దాదాపు ఒకే జీవన స్థాయి. ఆ తరవాత మోరిసే తన ఫలితాన్ని తాను ప్రశ్నించుకున్నాడు. సంస్థ ఇచ్చే యూనిఫారాల కొలతలు తెప్పించి చూస్తే డ్రైవర్ల నడుము కొలత మొదటి నుంచీ ఎక్కువే. అంటే తేడా అంతా మెట్ల వల్లనే కాకపోవచ్చు. అయినా తరవాతి దశాబ్దాలలో వేర్వేరు దేశాలలో జరిగిన పరిశోధనలు ఆ మూలసూత్రాన్ని బలపరిచాయి.

కంప్యూటర్ ముందు పదిగంటలు కూర్చునే మనం ఆ కథలో డ్రైవర్లం. మన తాతలు కండక్టర్లు. వారి తిండి మాత్రం మనం వదల్లేదు.

మారితే ఫలితం ఉంటుందా? 2002లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, మధుమేహం అంచున ఉన్నవారు వారానికి 150 నిమిషాల నడక, 7 శాతం బరువు తగ్గింపు లక్ష్యాలుగా పెట్టుకుంటే, జబ్బు వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్రతో తగ్గినది 31 శాతం. 2006లో చెన్నైకి చెందిన డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం భారతీయులలో చేసిన అధ్యయనంలో జీవనశైలి మార్పుతో ఆ అవకాశం 28.5 శాతం తగ్గింది. సంఖ్య చిన్నదే. కానీ వీరిలో బరువు చెప్పుకోదగ్గంతగా తగ్గకుండానే ఆ మేలు జరిగింది. తూకం ముల్లు కదలలేదని నడక మానేసేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, దానికి తోడు కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే పని అవసరమని మార్గదర్శకాల సారాంశం. మనవాళ్ళలో నడిచేవారు ఈమధ్య బాగానే పెరిగారు. రెండో సగాన్ని పట్టించుకునేవారు అరుదు. ముట్లుడిగిన తరవాత ఎముక వేగంగా పలచబడే స్త్రీలకు ఆ రెండో సగం మరింత ముఖ్యం. “ఈ వయసులో నాకు బరువులెందుకండీ?” అనే ప్రశ్నకు నా జవాబు ఒక్కటే: ఈ వయసు కనకనే.

కంచంలో ఎంత?

తెలుగు మాధ్యమంలో చదువుకున్నవారికి ప్రోటీన్ అనేది ‘మాంసకృత్తు’. మాంసాన్ని తయారుచేసేది అని ఆ పేరులోనే అర్థముంది. శరీరపు బరువులో ప్రతి కిలోకు రోజుకు 0.8 గ్రాములు చాలన్నది సాధారణ ప్రమాణం. అరవై అయిదు దాటినవారికి 1.0 నుంచి 1.2 గ్రాములు కావాలని 2013లో ఒక అంతర్జాతీయ నిపుణుల బృందం సూచించింది. కారణమేమంటే, వయసు పెరిగేకొద్దీ కండరం మాంసకృత్తుల పిలుపును సరిగ్గా వినిపించుకోదు. కాస్త గట్టిగా పిలవాలి. అంటే అరవై కిలోల పెద్దాయనకు రోజుకు 60 నుంచి 72 గ్రాములు.

ఇప్పుడు ఒక మామూలు శాకాహార దినచర్య లెక్కవేద్దాం. పొద్దున మూడు ఇడ్లీలు: సుమారు 6 గ్రాములు. రెండు పూటలకూ కలిపి 150 గ్రాముల బియ్యం: 11. ముప్ఫై గ్రాముల కందిపప్పు: 6 నుంచి 7. రెండు పూటలా పెరుగు కలిపి 300 గ్రాములు: 9. రెండు కాఫీలలోని పాలు: 6. మొత్తం నలభైకి అటూ ఇటూ. సాధారణ ప్రమాణం 48 గ్రాములకే అది చాలదు. పప్పు నీళ్ళచారై, పెరుగు మజ్జిగైన ఇళ్ళలో అంత కూడా రాదు.

మన భోజనం చెడ్డది కాదు. బియ్యంలో తక్కువగా ఉండే లైసీన్ అనే అమైనో ఆమ్లం పప్పులో ఉంది. పప్పులో తక్కువగా ఉండే మెథియొనీన్ బియ్యంలో ఉంది. పప్పన్నం ఆ విధంగా ఒకదాని లోటును మరొకటి తీర్చే జోడీ. చెడినది పాళ్ళు. ధాన్యం మూడు పాళ్ళకు పప్పు ఒక పాలు ఉండాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సూచన. పైన వేసిన లెక్కలో, ఇడ్లీలను పక్కన పెట్టినా, అది ఐదుకు ఒకటి.

సరిదిద్దడానికి పొడి డబ్బాలే కొననక్కరలేదు. వారానికి కొన్ని రోజులు ఇడ్లీ బదులు పెసరట్టు. సాయంత్రం జంతికల బదులు గుప్పెడు శనగల గుగ్గిళ్ళు, యాభై గ్రాముల శనగల్లో సుమారు 10 గ్రాములు. పప్పు గరిట ఒకటి ఎక్కువ, అన్నం గరిట ఒకటి తక్కువ. గట్టి గ్రీకు పెరుగు. తినేవారికి గుడ్డు, ఒక్కోదానిలో 6 గ్రాములు, లేదా చేప. మాంసకృత్తులను ఒక్క పూటకే వదిలేయకుండా మూడు పూటలకూ పంచాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం తమ వైద్యుణ్ణి అడిగాకే ఈ మార్పు చేసుకోవాలి. శాకాహారులు, ముఖ్యంగా మెట్‌ఫార్మిన్ వాడేవారు, బి12 పరీక్ష చేయించుకోవడం మంచిది. ఉత్తర ప్రాంతాల చలికాలపు ఎండలో మన చర్మం విటమిన్ డి తగినంత తయారుచేసుకోలేదు కనక అదీ చూసుకోవాలి.

తొంభై ఏళ్ళకు కూడా

తిండి ఒక్కటే పెంచితే కండ పెరుగుతుందా? ఈ ప్రశ్నకు స్పష్టమైన జవాబుంది. బోస్టన్‌లో మరియా ఫియాటరోన్ అనే వైద్యురాలు 1990లో సగటున తొంభై ఏళ్ళున్న పదిమంది బలహీనులైన వృద్ధులతో ఎనిమిది వారాలు కాళ్ళకు బరువుల వ్యాయామం చేయించింది. పూర్తి చేసినవారి కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. తొడ మధ్య కండ 9 శాతం పెరిగింది. 1994లో వందమంది వృద్ధాశ్రమ వాసులతో అదే బృందం పెద్ద ప్రయోగం చేసింది. వ్యాయామం చేసినవారి బలం రెట్టింపు దాటింది. వ్యాయామం లేకుండా పోషకద్రవం మాత్రమే తాగినవారికి ఆ లాభం దక్కలేదు. ఇటుకలు తెచ్చి పోసినంత మాత్రాన గోడ లేవదు, మేస్త్రీ కావాలి.

మన పెద్దల స్థితి తెలుసుకోవడానికి ఇంట్లోనే చేయదగిన పరీక్ష ఒకటుంది. పదిహేడు అంగుళాల ఎత్తున్న, చేతులు లేని కుర్చీని గోడకు ఆనించి, అందులో కూర్చోబెట్టండి. చేతులు రొమ్ము మీద కట్టుకోమనండి. ముప్ఫై సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడి కూర్చోగలరో లెక్కించండి. పక్కనే నిలబడండి. అరవై అయిదు నుంచి అరవై తొమ్మిదేళ్ళ మధ్య మగవారు 12, ఆడవారు 11. డెబ్బై అయిదు నుంచి డెబ్బై తొమ్మిది మధ్య మగవారు 11, ఆడవారు 10. అంతకు తగ్గితే కాళ్ళ బలం తక్కువని, పడిపోయే ప్రమాదం ఉందని అర్థం. చేతులు ఆనించకుండా ఒక్కసారి కూడా లేవలేకపోతే లెక్క సున్నా.

పరీక్షే చికిత్స కూడా. రోజుకు రెండు విడతలు, విడతకు ఐదుసార్లు లేచి కూర్చోవడంతో మొదలుపెట్టి వారం వారం ఒకటి రెండు పెంచాలి. మొదట్లో కుర్చీపై దిండు వేసి ఎత్తు పెంచితే తేలిక. అలవాటయ్యాక దిండు తీసేయవచ్చు. వంటింటి గట్టు పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం, ఒంటికాలి మీద నిలబడటం నేర్పితే తూలు తగ్గుతుంది. మంచు కాలంలో షాపింగ్ మాల్‌లో నడిపించవచ్చు. ఛాతీ నొప్పి, ఆయాసం, ఈమధ్యే జరిగిన శస్త్రచికిత్స ఉన్నవారు ముందు వైద్య సలహా తీసుకోవాలి.

మళ్ళీ పీట దగ్గరికి

ఆ వ్రతం తరవాత తమ్ముడికి ఫోను చేసి ఈ పద్ధతంతా చెప్పాను. నాన్నగారు మొదట నవ్వారు. “లేవడం కూడా నేర్పిస్తాడా వీడు!” అన్నారట. అయినా పొద్దునా సాయంత్రం అరుగు మీద కుర్చీ వేసుకుని లేచి కూర్చునేవారు. దారిన పోయేవాళ్ళు లెక్కపెట్టేవారట. సంక్రాంతి నాటికి చేతులు ఆనించకుండా పదిసార్లు లేవగలిగారు, మళ్ళీ కాలవ గట్టు దాకా నడిచారు. నేల మీది పీట నుంచి ఒంటరిగా లేవడం మాత్రం తిరిగి రాలేదు. కొంత తెచ్చుకోగలిగాం, కొంత పోయింది. పోయినదానిలో వయసు వాటా ఎంతో ఈనాటికీ నేను చెప్పలేను. నా సోఫా వాటా ఉందని మాత్రం తెలుసు.

ఈసారి మీ అమ్మానాన్నలు విమానం దిగి మీ ఇంటికి వచ్చినప్పుడు, రక్తపోటు చూసే ముందు కుర్చీ వేసి ఒకసారి లేవమనండి. ఆ సంఖ్యను ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. తిరుగు ప్రయాణం రోజున అది తగ్గకుండా చూసే బాధ్యత మనది. మంచినీళ్ళ గ్లాసు కోసం వారే లేవబోతే, దయచేసి లేవనివ్వండి.